సమోవా వేడుకల్లో అసలు జరుగుతున్నదేమిటి?

పసిఫిక్ సముద్రంలోని దీవుల దేశం సమోవాకు కొత్తగా వెళ్లినవాళ్లు ముందుగా చూసేది హోటళ్లు పెట్టే ఫియాఫియా రాత్రి. నిప్పుకత్తులు తిప్పే కుర్రాళ్లు, పూలదండలు, డప్పులు, కాల్చిన పంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడో ఊళ్లో పెళ్లికో, చావుకో, బిరుదు కట్టబెట్టే రోజుకో పిలుపొస్తుంది. అయోమయం అక్కడ మొదలవుతుంది. ప్రార్థన అయిపోతుంది. ఇక గంటలకొద్దీ ఆడవాళ్లు పెద్ద పెద్ద చాపలు విప్పి పట్టుకుని వరసగా వస్తుంటారు. ఒకాయన ఆరుబయట నిలబడి గొంతెత్తి ఏదో జాబితా చదువుతుంటాడు. కుర్రాళ్లు డబ్బాచేపల పెట్టెలు మోసుకొచ్చి గుట్ట పోస్తారు. చివరికి ఆ గుట్టను ఎవరెవరికో పంచేస్తారు, జనం లేచి ఇళ్లకు పోతారు. వేడుక ఇంకా మొదలుకాలేదే అని విదేశీయుడు చూస్తూ ఉండిపోతాడు. ఆ పంపకమే వేడుక అని అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

మన పెళ్లిళ్లలో చదివింపుల దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చున్నాయన పేరు, ఊరు, మొత్తం రాసుకుంటాడు. చాలాచోట్ల పైకి కూడా చదువుతారు. ఆ చదివింపుల బల్లను పందిరి మూలనుంచి తెచ్చి నడిమధ్య వేసి, మిగతా తంతంతా దాని చుట్టూ నడిపించినట్టు ఉంటుంది సమోవా పద్ధతి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరికి ఏ వాటా వెళ్లింది, ఎవరి పేరు పైకి చదివారు అన్న మూడూ గమనిస్తే భాష రాకపోయినా సగం బోధపడుతుంది.

ఇక్కడ చెప్పేదంతా స్వతంత్ర సమోవా గురించి: ఉపోలు, సవాయీ దీవులు, రాజధాని ఆపియా. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో ఆచారాలు చాలావరకు అవే అయినా ప్రభుత్వం వేరు, డబ్బు వేరు, తేదీ కూడా వేరు. 2011 డిసెంబరు చివర్లో సమోవా తేదీరేఖకు అవతలి పక్కకు మారింది. అందుకే ఆపియాలో ఆదివారం చర్చిగంట మోగేటప్పుడు అమెరికన్ సమోవాలోని పాగో పాగోలో ఇంకా శనివారమే.

కుటుంబం, బిరుదు, ఊరు

సమోవాలో మనిషికి గుర్తింపు సొంత పేరుతో కన్నా ఆయింగాతో, అంటే తాతముత్తాతల వైపు కలిసే పెద్ద కుటుంబంతో వస్తుంది. ప్రతి ఆయింగాకు కొన్ని బిరుదులుంటాయి. ఆ బిరుదు పుచ్చుకున్న వ్యక్తి మతాయి. మతాయిల సభ ఫోనో. ఊరి కట్టుబాట్లు, జరిమానాలు, ఎప్పుడు ఎవరు సముద్రంలోకి దిగొచ్చు అన్నదాకా ఫోనో చూస్తుంది. దాని అధికారాన్ని 1990 నాటి చట్టం గుర్తించింది కూడా. దేశంలో భూమి దాదాపు 80 శాతం ఈ కుటుంబాల ఉమ్మడి ఆస్తే. దాన్ని అమ్మడం కుదరదు, లీజుకు ఇవ్వొచ్చు. బీచ్‌లో కాలు పెట్టినందుకు ఎవరో వచ్చి కొన్ని తాలాలు (సమోవా డబ్బు) అడిగితే అది దబాయింపు కాదు. ఆ ఇసుక ఒక కుటుంబానిది.

మతాయిల్లో రెండు రకాలు. అలీ గౌరవ స్థానంలో కూర్చుంటాడు. తులఫాలే మాట్లాడతాడు. వంశావళులు, ఊళ్ల గౌరవ సంబోధనలు, ఎవరి బిరుదు ఎవరికన్నా పెద్దది అన్నది నోటికి పెట్టుకున్నవాడు తులఫాలే. ఆరుబయట ప్రసంగించేటప్పుడు చేతిలో పొడవాటి కర్ర, భుజాన కొబ్బరిపీచుతో చేసిన విసురు కుచ్చు ఉంటాయి. వేడుక మొదట్లో నలుగురైదుగురు తులఫాలేలు ఒకరిమీద ఒకరు మాట విసురుకుంటుంటే గొడవ పడుతున్నారని కొత్తవాళ్లు బెదిరిపోతారు. ఆ రోజు ప్రసంగం చేసే గౌరవం ఎవరిదో తేల్చుకునే వాదన అది. అరగంట పట్టినా ఎవరూ విసుక్కోరు. చాలామంది పెద్దలకు అసలు రుచి ఆ వాదనలోనే ఉంటుంది.

సంబోధన విషయంలో చిన్న సూత్రం పనికొస్తుంది. అలీని ‘లావ్ అఫియోంగా’, తులఫాలేను ‘లావ్ తోఫా’, పాస్టర్‌ను ‘లావ్ సుసుంగా’ అంటారు. ఎవరెవరో తెలియనప్పుడు సుసుంగా అంటే తప్పు పట్టరు.

పెట్టుపోతల లెక్క

పెళ్లి, చావు, బిరుదు ప్రదానం, కొత్త చర్చి ప్రారంభం లాంటి పెద్ద ఖర్చుల సందర్భాలన్నిటికీ కలిపి ఫాఆలవేలవే అనే మాట వాడతారు. ఒక మరణం సంగతి చూద్దాం. ఇంటి మతాయి ముందు తన ఆయింగా శాఖలన్నిటికీ కబురు పంపుతాడు. ఏ శాఖ ఎన్ని చాపలు, ఎంత డబ్బు, ఎన్ని పెట్టెలు తేవాలో అక్కడే మాట్లాడుకుంటారు. ఆక్లండ్‌లోనో సిడ్నీలోనో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలకు అదే రాత్రి ఫోన్లు వెళ్తాయి. విదేశాల నుంచి వచ్చే డబ్బులో పెద్ద భాగం ఈ దారినే నడుస్తుంది.

తర్వాత బంధుత్వం ఉన్న కుటుంబాలు, ఊరు, చర్చి జట్లు జట్లుగా వస్తాయి. ప్రతి జట్టూ ఒక తులఫాలేను ముందు పెట్టుకుని వస్తుంది. ఆయన మాట్లాడతాడు, ఇంటివాళ్ల తులఫాలే బదులిస్తాడు, చాపలు విప్పి చూపిస్తారు, డబ్బు కవరు అందుతుంది. ఆ మీదట ఫోలాఫోలా: వచ్చిన ప్రతి వస్తువునూ ఎవరిచ్చారో పేరుతో సహా బిగ్గరగా ప్రకటించడం. అంతటితో ఆగదు. వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపకూడదు. మాట్లాడిన తులఫాలేకు కొంత డబ్బు, పాస్టర్‌కు ఇంకొంత, జట్టుకు తిండి పెట్టెలు, ఒక్కోసారి చాపలు తిరిగి వెళ్తాయి. పొద్దున వచ్చిన చాప సాయంత్రానికి ఇంకో ఇంటికి చేరొచ్చు, వచ్చే వారం మూడో ఊరి పెళ్లిలో కనిపించొచ్చు.

ఆ చాప పేరు ఇయే తోంగా. నేలమీద పరిచే చాపతో దీనికి సంబంధం లేదు. ఒక రకం మొగలి ఆకును ఉడికించి, నానబెట్టి, ఎండలో తెల్లబరచి, సన్నటి పోగులుగా చీల్చి నేస్తారు. నాణ్యమైనది ముట్టుకుంటే మెత్తటి నేతబట్టలా జారుతుంది, వెలుగులో మెరుస్తుంది. అంచున ఎర్రటి ఈకలు కుడతారు. ఒకప్పుడవి చిన్న చిలుకల ఈకలు, ఇప్పుడు చాలావాటికి రంగు వేసిన కోడి ఈకలే. మంచి చాపకు నెలలు పడుతుంది, మరీ సన్నదైతే ఏడాది దాటుతుంది. లెక్క పెరగాలని తొందరగా నేసిన ముతక చాపలు ఒక దశలో గుట్టలుగా తిరిగాయి. సన్న నేతను మళ్లీ నిలబెట్టడానికి మహిళా సంఘాలు, ప్రభుత్వం చాలా పాటుపడ్డాయి. 2019లో ఈ నేతను యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మీకు ఇయే తోంగా ఇస్తే రెండు చేతులతో పుచ్చుకోండి, ‘ఫాఫెతాయి లావా’ (చాలా కృతజ్ఞతలు) అనండి. దాన్ని తొక్కడం, పళ్లెం కింద వేయడం, ‘ఇదెంత ఉంటుంది’ అని అడగడం మూడూ చెయ్యకూడనివే. వద్దని తోసిపుచ్చితే ఇచ్చినవాళ్ల గౌరవం తగ్గించినట్టు. దేశం దాటించేటప్పుడు మొగలి ఆకు, ఈకలు రెండూ జీవభద్రత తనిఖీకి వస్తాయి. న్యూజీలాండ్ మీదుగా వెళ్తే ఫారంలో ముందే రాసి చూపించడం మేలు, దాచిపెడితే జరిమానా పడుతుంది.

విదేశీయులు ఏం తేవాలి? ఒంటరిగా వెళ్లకుండా, మిమ్మల్ని పిలిచిన కుటుంబంతో కలిసి వెళ్లడం అన్నిటికన్నా సులువు. ముందురోజు సాయంత్రమే ఆ ఇంటి పెద్ద చేతికి, పేరు రాసిన కవరు ఇచ్చేయండి. మామూలు పరిచయానికి 20 నుంచి 50 తాలాలు సరిపోతాయి, లేదంటే ఒక పెట్టె డబ్బాచేపలో, కోడి మాంసం పెట్టెలో, బియ్యం బస్తానో. మీ వంతు ఆ కుటుంబం తెచ్చిన దానిలో కలుస్తుంది, మీ పేరూ అందులోనే వినిపిస్తుంది. తప్పులు జరిగేది రెండు చోట్ల. ఒకటి, తంతు మధ్యలో లేచి వెళ్లి కనిపించిన పెద్దాయన చేతిలో కవరు పెట్టడం. ఆయన అవతలి పక్షం తులఫాలే అయితే ఆ డబ్బు మీ వాళ్ల లెక్కలోకి రాదు. రెండోది, ఉత్సాహంకొద్దీ మరీ ఎక్కువ ఇవ్వడం. వచ్చిన దానికి తగ్గట్టు తిరిగి పెట్టాలి కాబట్టి ఆ బరువు ఇంటివాళ్ల నెత్తినే పడుతుంది. పైగా మీ పేరు సొంత కొడుకుల పేర్లకన్నా ముందు వినిపిస్తే వాళ్లు తలెత్తుకోలేరు. మందు సీసా బహుమతిగా తీసుకెళ్లొద్దు. చాలా ఊళ్లలో మద్యం మీద కట్టడి ఉంది.

గౌరవ అతిథికి చేసే మర్యాదను సువా అంటారు. పాస్టర్లకు, పెద్ద మతాయిలకు, దూరం నుంచి వచ్చిన ముఖ్యులకు ఇస్తారు. ముందుగా నోట్లు గుచ్చిన కొబ్బరిబోండం, తర్వాత గుడ్డ, తిండి, పంది లేదా మాంసం పెట్టె, చివర్లో ఇయే తోంగా. ఈ రోజుల్లో బోండం బదులు కూల్‌డ్రింక్ డబ్బాకు నోటు అంటించి తెస్తారు. అది చూసి నవ్వొద్దు. వస్తువు మారినా వరస మారలేదు.

ఇంట్లో ఎక్కడ కూర్చోవాలి

ఫాలే అనే సంప్రదాయ ఇంటికి గోడలుండవు, చుట్టూ స్తంభాలే. ప్రతి స్తంభానికీ ఒక హోదా ఉంది. గుండ్రంగా తిరిగిన రెండు కొసల దగ్గర పెద్ద అలీలు, ముందు వైపు తులఫాలేలు, వెనక వైపు ఆవా అనే పానీయం కలిపేవాళ్లు కూర్చుంటారు. ఖాళీగా కనిపిస్తోంది కదా అని ఏదో స్తంభానికి చేరగిలబడితే మీకు లేని బిరుదును మీరే ప్రకటించుకున్నట్టు అవుతుంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఎక్కడ కూర్చోమంటారో అడిగి, అక్కడే కూర్చోవాలి.

బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మనవాళ్లకు కష్టం కాదు. యూరోపియన్లు పడే అవస్థలో సగం మనకు తప్పినట్టే. కాళ్లు చాపక తప్పకపోతే పాదాల మీద చాపో, నడుముకు చుట్టుకునే లావాలావా గుడ్డో కప్పుకోవాలి, పాదం మాత్రం ఎవరివైపూ చూడకూడదు. లోపల పెద్దలు కూర్చుని ఉండగా నిలబడి మాట్లాడకూడదు. ఎవరి ముందునుంచైనా దాటాల్సి వస్తే నడుం వంచి, చెయ్యి కిందికి దించి, ‘తులో’ (మన్నించండి) అంటూ వెళ్లాలి. ఈ ఒక్క పదం సరిగ్గా వాడేవాళ్ల మిగతా తప్పులు చాలావరకు చూసీ చూడనట్టు వదిలేస్తారు.

భోజనం అతిథులకే ముందు. ఇంటివాళ్లు, వడ్డించే పిల్లలు తర్వాత తింటారు. అందుకే ముందుపెట్టిందంతా ఖాళీ చేయకూడదు. మీరు మిగిల్చిన దానిలోంచే వాళ్ల భోజనం వస్తుంది. తిన్నాక ఒక కుర్రాడు గిన్నెలో నీళ్లు, తువ్వాలు తెస్తాడు. చేతులు అందులోనే కడుక్కోవాలి, లేచి కొళాయి కోసం వెతకక్కర్లేదు.

బట్టల సంగతి సులువే. మగవాళ్లకు జేబులున్న మందపాటి లుంగీలాంటి ఇయే ఫాయితాంగా, పైన కాలరున్న చొక్కా. ఆడవాళ్లకు పులెతాసి, అంటే పొడవాటి జాకెట్టు, కింద పాదాల దాకా గుడ్డ. భుజాలు, మోకాళ్లు కప్పే చుడీదార్‌తోనూ ఇబ్బంది లేదు. చర్చికైతే తెలుపు ఎప్పుడూ క్షేమం.

ఆవా గిన్నె ముందు

ఏ ముఖ్య సమావేశమైనా ఆవాతో మొదలవుతుంది. ఇది మిరియాల జాతికి చెందిన ఒక మొక్క వేరుతో చేసే పానీయం. మత్తు కన్నా నాలుక మొద్దుబారడమే ముందు తెలుస్తుంది. అతిథులు తెచ్చిన ఎండు వేళ్లను ముందు పేరుపేరునా ప్రకటిస్తారు. చాలా కాళ్లున్న చెక్కగిన్నె తానోవా వెనక, ఊరి కన్య హోదా ఉన్న అమ్మాయో ఒక యువకుడో కూర్చుని కలుపుతారు. పక్కన ఒకరు నీళ్లు పోస్తారు. దంచిన వేరు పిప్పిని మందార జాతి చెట్టు నారతో చేసిన కుచ్చుతో ముంచి, చుట్టి, పిండుతారు. పిండిన కుచ్చును కలిపే మనిషి వెనక్కి తిరిగి చూడకుండా భుజం మీదుగా బయటికి విసురుతుంది. బయట నిలబడినవాడు పట్టుకుని, రెండు మూడు విదిలింపుల్లో పిప్పి రాల్చి, తిరిగి లోపలికి విసురుతాడు. పిప్పి పూర్తిగా పోయేదాకా ఇదే వరస.

తర్వాత ఒక తులఫాలే ఒక్కొక్కరి గిన్నెను పిలుస్తాడు. పెద్ద బిరుదులకు వాటి ఆవా గిన్నెకు కూడా విడిగా పేరుంటుంది. పిలిచే వరస తప్పితే అది ఊళ్లో రోజులపాటు చర్చ అవుతుంది. మొదటి గిన్నె గౌరవమైనదని అందరికీ తెలుసు, చివరి గిన్నెకూ అంతే గౌరవం ఉందని కొత్తవాళ్లకు తెలియదు. ఆఖర్న పిలిచారని చిన్నబుచ్చుకోవద్దు.

మీ వంతు వచ్చినప్పుడు కొబ్బరిచిప్పను రెండు చేతులతో అందుకుని, ముందు కొన్ని చుక్కలు చాప మీద ఒలికించి, ‘ఇయా మనూయియా’ అనండి. చుట్టూ ఉన్నవాళ్లు ‘సోయిఫువా’ అంటారు. తాగి చిప్ప తిరిగి ఇచ్చేయాలి. మొత్తం తాగలేకపోతే ఒక గుక్క చాలు. ఫిజీలో కొన్నాళ్లు ఉన్నవాళ్లు, ముఖ్యంగా అక్కడి తెలుగు మూలాల కుటుంబాలవాళ్లు, చిప్ప అందుకోగానే అలవాటుకొద్దీ చప్పట్లు కొడతారు. అది ఫిజీ మర్యాద, ఇక్కడ తాగేవాళ్లు కొట్టరు. 2024 అక్టోబరులో కామన్వెల్త్ దేశాధినేతల సమావేశానికి ఆపియా వచ్చిన బ్రిటన్ రాజు ఛార్లెస్ కూడా ఇదే ఆవా వరసలో కూర్చున్నాడు.

పంది ముక్కకూ హోదా

పందిని పంచడంలో కోతకు కచ్చితమైన పద్ధతి ఉంది. నడుం మీది వీపు భాగం అలీలకు, కాళ్లు తులఫాలేలకు, తల బిరుదు లేని కుర్రాళ్ల జట్టుకు. ముక్క రుచి ఇక్కడ ముఖ్యం కాదు, ఎవరికి ఏది వెళ్లిందన్నదే ముఖ్యం. ఒక హెచ్చరిక: బహుమతిగా చేతులు మారే పెద్ద పందులను చాలాసార్లు పైపైనే కాలుస్తారు. కోసి పంచడానికి, ఇంటికి తీసుకెళ్లి మళ్లీ వండుకోవడానికి అలా ఉంచుతారు. వాటాగా వచ్చిన ముక్కను అక్కడే కొరకొద్దు. ఇంటికి తెచ్చి బాగా ఉడికించాలి.

ఆదివారం

ఏడాదిలో పండుగలు ఎన్ని ఉన్నా విదేశీయుడి జీవితాన్ని ఎక్కువగా మార్చేది ఆదివారమే. క్రైస్తవం 1830లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ విలియమ్స్‌తో సవాయీ దీవికి వచ్చింది. ఇప్పుడది సమోవా ఆచారంలో విడదీయరానంతగా కలిసిపోయింది. 2017లో రాజ్యాంగం సమోవాను క్రైస్తవ దేశంగా ప్రకటించింది. ఆదివారం తోటపని, ఈత, పెద్ద శబ్దాలు చాలా ఊళ్లలో నిషిద్ధం. దుకాణాలు ఎక్కువ మూసే ఉంటాయి.

తెల్లవారకముందే ఇళ్ల వెనక ఉము పొగ లేస్తుంది. ఇది గొయ్యి కాదు, నేలమీదే పొయ్యి. కట్టెల మీద అగ్నిపర్వత రాళ్లు పేర్చి, కట్టె కాలి బొగ్గయ్యేదాకా, దాదాపు గంటసేపు వేడిచేస్తారు. ఆ రాళ్లను కర్రలతో సమంగా పరిచి చేమదుంపలు, సీమపనస, చేపలు, ఆకు పొట్లాలు పేర్చి, పైన అరిటాకులు, సీమపనస ఆకులు దట్టంగా కప్పుతారు. ఏటి రాళ్లు వాడకూడదు, లోపలి తేమకు పగిలి ఎగురుతాయి. ఆకుల కప్పు పలచనైతే ఆవిరి పోయి దుంప మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది.

ఈ పొయ్యిలో వండేవాటిలో తెలుగు నాలుకకు వెంటనే నచ్చేది పలుసామి. చేమాకు, కొబ్బరిపాలు, ఉల్లిపాయ, ఉప్పు, అంతే. ఒక్కో పొట్లానికి అయిదారు లేత చేమాకులు, పెద్దవి అడుక్కి, చిన్నవి పైకి, అరచేతిలో దొన్నెలా పట్టుకుని అరకప్పు చిక్కటి కొబ్బరిపాలు, రెండు చెంచాల తరిగిన ఉల్లి, చిటికెడు ఉప్పు వేసి అంచులు మడుస్తారు. నిప్పుమీద వాడ్చిన అరిటాకులో చుట్టి ఉములో పెడతారు. పాలు నీళ్లు కలపకుండా పిండినవే కావాలి, పలచనైతే పొట్లం కారిపోతుంది. చేమాకు సరిగ్గా ఉడకకపోతే గొంతు దురద ఎలా ఉంటుందో మన వంటింట్లో అందరికీ తెలుసు. ఆకులోని ఆక్సలేట్ సూదులే దానికి కారణం. ఇంట్లో చేసుకునేవాళ్లు రేకులో చుట్టి 180 డిగ్రీల అవెన్‌లో గంటసేపు ఉంచొచ్చు, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద కూడా గంటకు తగ్గకుండా ఉడికించాలి. శాకాహారులు ఒక్కటి అడిగి తెలుసుకోవాలి: కొందరు ఇందులో పిసుపో, అంటే డబ్బాలో వచ్చే ఉప్పు గొడ్డుమాంసం కలుపుతారు. మాంసం తిననివాళ్లకు చేమదుంప, కొబ్బరిపాలలో ఉడికించిన పచ్చి అరటి, సీమపనస, కోకో వేసిన బియ్యం పాయసం ఎప్పుడూ దొరుకుతాయి. తిననని ముందురోజే చెబితే ఎవరూ నొచ్చుకోరు, పళ్లెం ముందు పెట్టాక చెబితే నొచ్చుకుంటారు.

చర్చి నుంచి వచ్చాక ఈ వంటంతా పెద్దలకు వడ్డించే భోజనమే తోఓనాయి. కొన్ని చర్చిలలో ఏ కుటుంబం ఎంత కానుక ఇచ్చిందో మొత్తంతో సహా పైకి చదువుతారు. చదివింపుల తర్కం ఇక్కడా అదే.

రోజూ సాయంత్రం ఆరు, ఏడు మధ్య చాలా ఊళ్లలో సా ఉంటుంది. మొదటి శంఖం లేదా గంట మోగితే ఇళ్లకు చేరాలి, రెండోది మోగితే ప్రార్థన మొదలైనట్టు, మూడోదానితో ముగిసినట్టు. పది నుంచి ఇరవై నిమిషాలు. లావాలావాలు కట్టుకున్న యువకులు రోడ్డు పక్కన నిలబడి కాపలా కాస్తారు. నడుస్తుంటే ఆగి కూర్చోండి. బండి మీద ఉంటే వాళ్లు చెయ్యి చూపినట్టు చేయండి. ప్రధాన రోడ్డు మీద మెల్లగా పోనిస్తారు, ఊరి లోపలి దారుల్లో పోనివ్వరు.

క్యాలెండరులో కొన్ని రోజులు

అక్టోబరు రెండో ఆదివారం పిల్లల పండుగ, లోతు తమాయితి. తెల్లబట్టలేసుకున్న పిల్లలు చర్చిలో వచనాలు అప్పజెబుతారు, నాటికలు వేస్తారు. ఆ రోజు ఇంట్లో ముందు పిల్లలు తింటారు, పెద్దలు వడ్డిస్తారు. హోదాలతో నడిచే ఊళ్లో ఏడాదికి ఒక్కసారి వరస తిరగబడే పూట ఇది. మర్నాడు సోమవారం సెలవు. మీ పిల్లలు అక్కడి బళ్లో చదువుతుంటే వారాల ముందే ఒక వచనం కంఠతా పెట్టమని ఇస్తారు, తప్పించుకోవద్దు.

స్వాతంత్ర్యం 1962 జనవరి 1న వచ్చినా వేడుక జూన్ 1న, ఆపియాలోని ములినూలో జెండా ఎగరేసి కవాతుతో చేస్తారు. సెప్టెంబరులో ఆపియాలో తెఉయిలా ఉత్సవం, నలభై మందికి పైగా తెడ్లు వేసే ఫావుతాసి పడవల పందేలు. అక్టోబరు, నవంబరుల్లో పున్నమి వెళ్లిన వారానికి ఒకటి రెండు రాత్రులు తెల్లవారుజామున పగడపు దిబ్బల మీద, అక్కడివాళ్లు ఇష్టంగా తినే పలోలో పురుగులు పైకి తేలతాయి, జనం వలలు, గిన్నెలు పట్టుకుని పరుగెడతారు. ఎండెక్కేసరికి అవి కరిగిపోతాయి కాబట్టి ఆలస్యంగా లేచినవాళ్లకు దక్కవు.

ఏ పెద్ద వేడుకైనా ముగిసేది తావ్‌అలూంగా నాట్యంతో. జుట్టుతో, గవ్వలతో చేసిన ఎత్తైన కిరీటం పెట్టుకుని ఊరి కన్యో అలీ కూతురో నెమ్మదిగా ఆడుతుంది. చుట్టూ మిగతావాళ్లు కావాలనే వికటంగా గెంతుతారు, నేలమీద పడతారు. ఆమె నిండుతనం ఇంకా తేటపడటానికే ఆ అల్లరి. మీరూ అంచున చేరి ఆడొచ్చు, ఆమెకన్నా కిందుగా, వెనకగా. డబ్బు ఆమె ముందు నేలమీద వేయండి. ఆమె పక్కన నిలబడి ఫోను ఎత్తి ఫొటో తీసుకోవడం మాత్రం చూడ్డానికే అసహ్యంగా ఉంటుంది.

తప్పు జరిగితే ఎవరు కడతారు

విదేశీయుడు సా వేళ మోటారు సైకిల్ మీద రయ్యిమని పోయాడనుకోండి, ఆదివారం ఈతకు దిగాడనుకోండి. ఫోనో జరిమానా వేసేది అతనికి కాదు, అతన్ని ఇంట్లో పెట్టుకున్న కుటుంబానికి. జరిమానా పందుల్లోనో, డబ్బాచేపల పెట్టెల్లోనో, డబ్బులోనో ఉంటుంది. వాళ్లు మీతో ఒక్క మాట అనకుండా కట్టేస్తారు. చాలామంది ఆ సంగతి ఎప్పటికీ తెలియకుండానే దేశం వదిలి వెళ్లిపోతారు. తెలిస్తే, ఆ విలువ ఇంటి పెద్ద చేతికి నిశ్శబ్దంగా అందించడం న్యాయం.

మరీ పెద్ద తప్పుకు, ప్రాణం పోయిన సందర్భానికి ఇఫోంగా ఉంది. తప్పు చేసిన వైపు మతాయి, కుటుంబం తెల్లవారకముందే బాధితుల ఇంటి ముందుకొచ్చి, తలమీద ఇయే తోంగా కప్పుకుని తలవంచి కూర్చుంటారు. లోపలివాళ్లు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే ఎండలో అలాగే కూర్చోవాలి. ఒకప్పుడు ప్రాణహాని కూడా ఉండేది. 1970ల్లో న్యూజీలాండ్‌లో పసిఫిక్ దీవుల వలసదారులపై జరిగిన పోలీసు దాడులకు క్షమాపణగా 2021 ఆగస్టు 1న ఆక్లండ్‌లో అప్పటి ప్రధాని జసిండా ఆర్డర్న్ ఇలాగే తలమీద చాప కప్పించుకున్నారు. ఈ తంతు దారిలో ఎదురైతే పక్కకు తప్పుకోండి, కెమెరా బయటికి తీయొద్దు.

ఇదంతా బరువు కాదా అంటే బరువే. నెలజీతం మొత్తం ఒక చావు ఖర్చుకు పోయిన ఇళ్లు, అప్పులు చేసి చర్చికి ఇచ్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. విదేశాల్లో పుట్టిన పిల్లలు దీనిమీద గట్టిగానే వాదిస్తున్నారు, చావు ఇళ్లలో చాపల మార్పిడి వద్దని ముందే చెప్పేసే కుటుంబాలూ ఉన్నాయి. ఆ వాదనలో విదేశీయుడు తీర్పు చెప్పకపోవడం మంచిది. ఇల్లు కాలినప్పుడు, తుపాను వచ్చినప్పుడు అదే లెక్క తిరగబడి, ఇచ్చినవాడి గుమ్మం ముందుకు పెట్టెలు వచ్చి చేరతాయని కూడా గుర్తుంచుకోవాలి.

ఎక్కువకాలం ఉండి, ఊరికి పనికొచ్చినవాళ్లకు ఒక్కోసారి గౌరవ బిరుదు ఇస్తామంటారు. ఛార్లెస్ రాజుకు కూడా 2024లో మొవాతా గ్రామంలో తుయి తావుమేయసినా అనే బిరుదు ఇచ్చారు. సంతోషంతో తల ఊపేముందు ఇది ఎవరి ఆయింగా బిరుదు, ఇప్పటికే దాన్ని ఎందరు పంచుకుంటున్నారు, దానిమీద భూమి బిరుదుల కోర్టులో తగాదా ఉందా అని ఆ ఇంటి పెద్దను అడగండి. అడిగితే ఏమీ అనుకోరు, మతాయిలు వాళ్లలో వాళ్లు అడుక్కునేవి ఇవే. గౌరవ బిరుదుతో భూమి మీద హక్కు రాదు. ఫోన్లు మాత్రం వస్తాయి, మీరు హైదరాబాద్ తిరిగొచ్చేసినా సరే: ఫలానా ఇంట్లో ఫాఆలవేలవే, మీ వంతు ఇంత. ప్రదానం రోజున ఊరికి పెట్టే భోజనం, పంచే చాపలు, తులఫాలేల కవర్లు కూడా పుచ్చుకునేవాళ్ల లెక్కలోకే వెళ్తాయి.